మారిషస్‌కు పంచాంగం చూసి బయలుదేరండి



మారిషస్ వెళ్ళాలని ముచ్చటపడేవాళ్ళు మన ఊళ్ళలో ఏటేటా పెరుగుతున్నారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, పిల్లల చదువులు ఒక ఒడ్డుకు చేరాక కాస్త తీరిక దొరికినవాళ్ళు, రిటైరైనవాళ్ళు, అందరి నోటా ఆ పేరు వినిపిస్తోంది. ట్రావెల్ ఏజెంటు దగ్గరికి వెళ్తే ఆయన ముందుగా చూపించేది హోటలు ఫోటో. నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక, గడ్డి కప్పిన గొడుగు కింద రెండు కుర్చీలు. నచ్చితే డబ్బు కట్టడం, బయలుదేరడం. వారం రోజులు ఆ కుర్చీల్లో కూర్చుని తిరిగి వచ్చేస్తారు. ఆ దేశంలో ఎవరుంటారో, ఏం తింటారో, ఏ పండుగలు చేసుకుంటారో చూడకుండానే ప్రయాణం ముగిసిపోతుంది.

ఇది నాకు బాధ కలిగించే విషయం. అందుకే ఈ పూట ఒక సలహా చెప్పాలని వచ్చాను. మారిషస్ ప్రయాణానికి హోటలు ఎంచుకోవడం చివరి పనిగా పెట్టుకోండి. మొదటి పని, ఆ దేశపు సెలవుల జాబితా తెప్పించుకుని చదవడం.

ఆ జాబితాలో ఏముంటుందో చూడండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో తమిళుల తైపూసం కావడి. దాని వెనకా ముందూ చైనావాళ్ళ కొత్త సంవత్సరం. ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిన రోజు. తర్వాత మహాశివరాత్రి. మార్చి 12 జాతీయ దినం. ఆ వెనకే మన ఉగాది. అవును, మారిషస్‌లో ఉగాది దేశమంతటికీ సెలవు రోజు. రంజాన్ పండుగ, వినాయక చవితి, దీపావళి, క్రిస్మస్ సరే సరి. నవంబరు 2న, భారతదేశం నుంచి ఒప్పంద కూలీలు వచ్చి దిగిన రోజు. దాదాపు పన్నెండున్నర లక్షల జనాభా ఉన్న దేశం ఇది. పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు ఉండే ద్వీపం. అంత చిన్న చోట ఒక్కొక్కరి పండుగకూ అందరూ సెలవు తీసుకుంటారు. బానిసల వారసులకు ఒక రోజు, కూలీల వారసులకు ఒక రోజు ప్రభుత్వమే కేటాయించి గుర్తుచేసుకునే దేశాలు ప్రపంచంలో ఎన్నో లేవు.

ఈ సంగతి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మారిషస్‌లో ఆదివాసులు లేరు. మనుషులు వచ్చి స్థిరపడేదాకా అక్కడ అడవి, పక్షులు, తాబేళ్ళు మాత్రమే ఉండేవి. అరబ్బు నావికులకు, పోర్చుగీసువాళ్ళకు ఆ ద్వీపం తెలుసు గాని వాళ్ళు అక్కడ నిలవలేదు. 1598లో డచ్చివాళ్ళు దిగి, తమ రాజకుమారుడు మారిస్ పేరు పెట్టారు. 1638లో కాపురం పెట్టి, 1710కల్లా వదిలేసి వెళ్ళిపోయారు. వాళ్ళున్న కాలంలోనే డోడో పక్షి అంతరించింది. 1715లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చి చెరకు వేయించారు. 1810లో ఇంగ్లీషువాళ్ళు గెలుచుకున్నారు. 1835లో బానిసత్వం రద్దయింది. రద్దు కాబోతోందని ముందే తెలిసిన చెరకు తోటల యజమానులకు చవకగా పనిచేసే చేతులు కావాలి. అప్పుడు వాళ్ళ కన్ను భారతదేశం మీద పడింది.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి వచ్చి రాజధాని పోర్ట్ లూయీలో ఆగింది. అందులో 36 మంది కూలీలు. ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దం మొదటి సంవత్సరాల దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా వచ్చారు. ఎక్కువమంది బీహారు వైపువాళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీ రేవుల నుంచి వెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు కూడా వేలల్లో ఉన్నారు. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, ఇప్పటి యానానికి దగ్గరలో ఉన్న కోరంగి రేవు నుంచి, విశాఖపట్నం తీరం నుంచి మనవాళ్ళు ఓడ ఎక్కారు. అందుకే అక్కడ తెలుగువాళ్ళకు చాలాకాలం కోరంగీలనే పేరు ఉండేది.

కాబట్టి విమానం దిగిన మర్నాడు బీచికి పరుగెత్తకండి. ముందు పోర్ట్ లూయీ వెళ్ళి ఆప్రవాసీ ఘాట్ చూడండి. కూలీలు ఓడ దిగి నడిచిన రాతి మెట్లు అక్కడ ఉన్నాయి. పదహారు మెట్లు. ఎక్కగానే వాళ్ళను లెక్క రాసుకుని, రెండు మూడు రోజులు ఉంచి, తోటలకు పంపించేవాళ్ళు. ఆసుపత్రి గది, వంటశాల, మరుగుదొడ్ల పునాదులు ఇప్పటికీ కనిపిస్తాయి. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ప్రవేశానికి రుసుము లేదు. గైడు ఉంటే ఆయన చెప్పేది పూర్తిగా వినండి. ఫోటో దిగి వెళ్ళిపోయే చోటు కాదది.

అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలో పాత మిలిటరీ ఆసుపత్రి భవనంలో బానిసత్వపు మ్యూజియం ఉంది. రెండూ ఒకే రోజు చూడాలని నా అభిప్రాయం. ఒకటి చూసి రెండోది వదిలేస్తే ఆ దేశపు కథ సగమే తెలుస్తుంది. మన భారతీయ సందర్శకులు చాలామంది ఘాట్ చూసి, మనవాళ్ళు ఎంత కష్టపడ్డారో అనుకుని కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చేస్తారు. మనవాళ్ళకు ముందు ఆ చెరకు తోటల్లో కొరడా దెబ్బలు తిన్నవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇవాళ అదే వీధిలో తిరుగుతున్నారు. నైరుతి మూలన ల మోర్న్ అనే కొండ ఉంది. తోటల నుంచి పారిపోయిన బానిసలు దాని పైన దాక్కునేవాళ్ళు. బానిసత్వం రద్దయిందన్న కబురు చెప్పడానికి వస్తున్న సిపాయిలను చూసి, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొందరు కొండ మీద నుంచి దూకేశారని ఆ బానిసల వారసులైన క్రియోల్ కుటుంబాల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో ఆ కొండ కూడా ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని కింద ఉన్న బీచి చాలా అందమైనది. ఆ బీచిలో కూర్చున్నప్పుడు తల ఎత్తి కొండను కూడా చూడండి. గైడును వెంటబెట్టుకుని కొంత దూరం ఎక్కవచ్చు కూడా.

ఇక ఎప్పుడు వెళ్ళాలి? మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. అక్కడి కాలాలు మన కాలాలకు ఎదురు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వేడి, వానలు. మే నుంచి అక్టోబరు దాకా చల్లగా, పొడిగా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి తుపాన్ల కాలం. అక్కడ తుపాను హెచ్చరికలు నాలుగు తరగతులుగా ఇస్తారు. మూడో తరగతి వచ్చిందంటే ఇంట్లోంచి బయటికి రాకూడదు, బస్సులు తిరగవు, విమానాశ్రయం మూసేస్తారు. సంక్రాంతి సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. జులై, ఆగస్టు నెలల్లో ఎండ తక్కువ, కాని తూర్పు, దక్షిణ తీరాల్లో గాలి జోరుగా వీస్తుంది. నీళ్ళు చల్లగా ఉంటాయి. మధ్యనున్న పీఠభూమి మీద, క్యూర్‌పిప్ పట్టణంలోనైతే స్వెట్టరు వేసుకోవాల్సిందే. పడమటి తీరం మాత్రం పొడిగా, వెచ్చగా ఉంటుంది. అంత చిన్న ద్వీపంలో ఒకే రోజున ఒక పక్క వాన, ఒక పక్క ఎండ మామూలే.

వాతావరణం ఒక్కటే చూసుకుంటే సెప్టెంబరు నుంచి నవంబరు మొదటి రోజుల దాకా మంచి సమయం. పండుగలు కూడా కలిపి చూస్తే నేను రెండు మూడు సమయాల గురించి ప్రత్యేకంగా చెబుతాను.

ఒకటి మహాశివరాత్రి. ద్వీపం నడుమ కొండల మధ్య గ్రాండ్ బాసాఁ అని ఒక సరస్సు ఉంది. 1972లో మన గంగాజలం తెచ్చి అందులో కలిపారు. గంగా తలావ్ అని పిలుస్తారు. శివరాత్రికి ముందు నాలుగైదు రోజుల నుంచే ద్వీపం నలుమూలల నుంచి తెల్లబట్టలు కట్టుకున్న జనం కావళ్ళు భుజాన వేసుకుని నడుస్తారు. రాత్రీ పగలూ నడక సాగుతూనే ఉంటుంది. దారి పొడుగునా పందిళ్ళు వేసి పళ్ళరసాలు, తిండి ఉచితంగా పెడతారు. పెట్టేవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. అది తుపాన్ల కాలమే, ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో దారులన్నీ జనంతో నిండిపోతాయి, కార్లు కదలవు. నడవగలిగిన ఓపిక ఉన్నవాళ్ళు మాత్రమే ఆ సమయం ఎంచుకోవాలి.

రెండోది సెప్టెంబరు మొదటి పక్షం. దీని గురించి మన దగ్గర చాలామందికి తెలియదు. పేర్ లావాల్ అని ఒక ఫ్రెంచి క్రైస్తవ గురువు 1841లో మారిషస్ వచ్చారు. కొత్తగా బానిసత్వం నుంచి బయటపడిన పేదలతోనే కలిసి బతికి, 1864 సెప్టెంబరు 9న మరణించారు. పోర్ట్ లూయీ శివారులో సెంత్ క్రువా అనే చోట ఆయన సమాధి ఉంది. సెప్టెంబరు 8 రాత్రి వేలమంది నడుచుకుంటూ అక్కడికి చేరతారు. వాళ్ళలో కాథలిక్కులే కాదు, హిందువులు, ముస్లిములు, చైనావాళ్ళు కూడా ఉంటారు. మారిషస్ ఏమిటో ఒక్క రాత్రిలో తెలుసుకోవాలంటే ఆ రాత్రి అక్కడ ఉండాలి. వాతావరణమూ బాగుంటుంది. ఆ పక్షంలోనే వినాయక చవితి కలిసి వస్తే మరీ మంచిది. మరాఠీ కుటుంబాలు నిమజ్జనానికి విగ్రహాలను నదులకూ సముద్రానికీ తీసుకెళ్ళడం చూడవచ్చు.

మూడోది నవంబరు 2 చుట్టూ ఉన్న వారం. కొన్ని సంవత్సరాల్లో దీపావళి కూడా దానికి దగ్గరలోనే పడుతుంది.

మన తెలుగువాళ్ళ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి. అక్కడి బడుల్లో తెలుగు ఒక పాఠ్యాంశం. రేడియో, టీవీల్లో తెలుగు కార్యక్రమాలు వస్తాయి. కాని మీరు వెళ్ళి ఒక అప్పడు గారినో నాయుడు గారినో తెలుగులో పలకరిస్తే ఆయన అక్కడి వాడుక భాష క్రియోల్‌లో జవాబు చెప్పే అవకాశమే ఎక్కువ. దానికి నొచ్చుకోవద్దు. ఐదారు తరాల కింద రేవు దాటినవాళ్ళు, చెరకు తోటల్లో తెల్లవారుజాము నుంచి పనిచేసినవాళ్ళు, ఉత్తరం రాస్తే జవాబు రాని రోజుల్లో బతికినవాళ్ళు. ఇంటి మాట క్రియోల్ అయినా, సింహాద్రి అప్పన్న పూజను, అమ్మోరు పండుగను, రామభజనను వదల్లేదు. రామభజన అంటే దీపం నడుమ పెట్టి, తాళాలు వాయిస్తూ, దాని చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడతారు. పాడేవాళ్ళలో అర్థం పూర్తిగా తెలియనివాళ్ళూ ఉంటారు. పాట మాత్రం తప్పు పోదు. అటువంటి చోటికి పిలుపు వస్తే వెళ్ళండి. వెళ్ళి ఉచ్చారణ దిద్దకండి. కూర్చుని వినండి, చేతనైతే గొంతు కలపండి.

తిండి విషయంలో మారిషస్ వీధులంత దయగలవి తక్కువ. శాకాహారులకు ఇబ్బంది ఉండదు. ధోల్ పూరీ అని అమ్ముతారు. పసుపుపచ్చ పప్పు ఉడికించి, పొడి చేసి, పిండి ముద్దలో కూరి, పల్చగా ఒత్తి పెనం మీద కాలుస్తారు. తీపి లేని బొబ్బట్టనుకోండి. పైన చిక్కుడు గింజల కూర, టమాటా కూర, పచ్చిమిరప పచ్చడి వేసి, రెండేసి చొప్పున చుట్టి కాగితంలో ఇస్తారు. బీహారు నుంచి వెళ్ళిన పూరీ అది. ఇవాళ అన్ని జాతులవాళ్ళూ పొద్దున్నే దాని కోసం వరసలో నిలబడతారు. పప్పు నానబెట్టి రుబ్బి, మిరపకాయలు కలిపి నూనెలో వేయించే గాతో పిమాఁలను వేడివేడిగా రొట్టె మధ్యలో పెట్టి తింటారు. చైనావాళ్ళ నూడుల్స్, ముస్లిముల బిర్యానీ, క్రియోల్ ఇళ్ళలో రుగాయ్ అనే టమాటా కూర, ఇవన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్ చుట్టూ ఒక పూట తిరిగితే చాలు, మధ్యాహ్నం భోజనం అక్కర్లేదు. అన్నీ హోటలు బఫేలోనే తిని వచ్చేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. ఆ మార్కెట్‌కు కొద్ది దూరంలోనే చైనాటౌన్, జుమ్మా మసీదు, చర్చి, కోవెల అన్నీ ఉన్నాయి. ప్రార్థనా స్థలాల్లోకి వెళ్ళేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. బీచి బట్టలతో పట్నంలో తిరగడం అక్కడివాళ్ళకు నచ్చదు.

సెగా నృత్యం గురించి ఒక్క మాట. హోటళ్ళలో వారానికి ఒకటి రెండు సార్లు రంగురంగుల లంగాలతో సెగా ఆడి చూపిస్తారు. అది చూడటం తప్పు కాదు. కాని సెగా పుట్టింది బానిసల గుడిసెల దగ్గర, పని ముగిసిన రాత్రుల్లో. మేకతోలు బిగించిన రవాన్ అనే పలక లాంటి వాద్యాన్ని మంట దగ్గర వెచ్చబెట్టి వాయిస్తారు. 2014లో యునెస్కో సెగాను మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. 2016లో భోజ్‌పురీ పెళ్ళిపాటల గీత్ గవాయ్‌కి కూడా ఆ గుర్తింపు వచ్చింది. ఆదివారం సాయంత్రం ఊళ్ళ పక్కనున్న మామూలు బీచిల్లో కుటుంబాలు వంటలు తెచ్చుకుని కూర్చుంటాయి. అక్కడ రవాన్ మోగితే చూడండి. ఆ సెగాకీ హోటలు సెగాకీ ఉన్న తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు కొంచెం ఆచరణ విషయాలు. ముంబయి నుంచి విమానంలో ఇంచుమించు ఆరు గంటలు. అక్కడి గడియారం మన కంటే గంటన్నర వెనక. భారతీయ పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులకు వీసా దిగినచోటే ఇస్తారు. తిరుగు టికెట్టు, బస చేసే చోటు కాగితం చేతిలో ఉండాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు మరోసారి సరిచూసుకోండి. మొక్కలు, విత్తనాలు, పండ్లు అనుమతి లేకుండా తీసుకెళ్ళకూడదు. మందులు వేసుకునేవాళ్ళు డాక్టరు చీటీ వెంట ఉంచుకోవాలి. అక్కడ మాదకద్రవ్యాల చట్టం చాలా కఠినం. అక్కడిదీ రూపాయే, కాని విలువ మన రూపాయికి రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ కూడా అక్కడ మొదలైంది. అయినా వీధి తిండికి, బస్సుకు చిల్లర నోట్లు అవసరం.

బస ఎక్కడ? సముద్రానికి మూడు రోజులు, పట్నానికి, ఊళ్ళకు నాలుగు రోజులు ఇవ్వండి. ఆ నాలుగు రోజులు క్యూర్‌పిప్, కాత్ర్ బోర్న్, రోజ్ హిల్ వంటి పట్టణాల్లో చిన్న గెస్ట్‌హౌసుల్లో దిగితే ఖర్చూ తగ్గుతుంది, మనుషులూ తెలుస్తారు. క్యూర్‌పిప్ నుంచి పోర్ట్ లూయీ దాకా మెట్రో ఉంది. మిగతా చోట్లకు బస్సులు బాగా తిరుగుతాయి. సాయంత్రం ఆరేడు దాటితే మాత్రం ఊళ్ళకు బస్సులు దొరకడం కష్టం. బస్సు కిటికీలోంచి చూస్తే చెరకు పొలాల మధ్య నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. ఆ ద్వీపం అగ్నిపర్వతం నుంచి పుట్టింది. దున్నడానికి వీల్లేని ఆ నేల నుంచి కూలీలు చేతులతో ఏరి పేర్చిన రాళ్ళవి.

సముద్రం దగ్గరా మర్యాద ఉంటుంది. ద్వీపం చుట్టూ దాదాపుగా పగడపు దిబ్బ గోడలా కమ్ముకుని ఉంటుంది. దాని లోపలి నీళ్ళు నిదానంగా ఉండటానికి కారణం అదే. పగడాల మీద నిలబడకండి, గవ్వలు, పగడాలు తెచ్చుకోకండి. ముళ్ళున్న జీవులు ఉంటాయి కాబట్టి నీళ్ళలో బూట్లు వేసుకోండి. దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర పగడపు గోడ లేదు, అలలు నేరుగా వచ్చి బండలను కొడతాయి. అక్కడ చూడటమే, దిగకూడదు. పొద్దున్నే పడవల్లో డాల్ఫిన్ల వెంటపడే విహారాలు అమ్ముతారు. నా మాట వింటే వాటికి డబ్బు కట్టకండి. ఆ డబ్బుతో ఈల్ ఓజెగ్రెత్ అనే చిన్న దీవికి వెళ్ళండి. మనుషులు రాకముందు మారిషస్ అడవి ఎలా ఉండేదో ఆ దీవిలో మళ్ళీ పెంచుతున్నారు. అక్కడి గులాబీరంగు పావురాలు ఒకప్పుడు పదుల్లోకి పడిపోయి, మనుషుల శ్రద్ధ వల్ల మళ్ళీ వందల్లోకి వచ్చిన జాతి.

చివరగా, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల శ్రోతలకు ప్రత్యేకంగా ఒక విన్నపం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎప్పుడైనా, మా తాతగారి అన్న ఓడెక్కి చెరకు తోటలకు పోయాడు, మళ్ళీ రాలేదు, అని చెప్పి ఉంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. మొకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ సంస్థ ఉంది. మారిషస్‌కు వచ్చిన భారతీయ కూలీల రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, వచ్చిన ఓడ, వాళ్ళకు ఇచ్చిన నంబరు అందులో రాసి ఉంటాయి. 1860ల నుంచి చాలామందికి ఫోటోలు కూడా ఉన్నాయి. టికెట్లు కొనేలోపే మీ ఇంట్లో బతికున్న పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని పేర్లు, ఊరు, ఏ కాలంలో వెళ్ళారో తెలిసినంత రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని, ముందుగా సంస్థకు ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని మొకా వెళ్ళండి.